పదిహేడో కండె

ఫిబ్రవరి 2

యాదగిరి వచ్చిండు. చెప్పులు బయట విడిచి, మంచినీళ్ళు కూడా అడగకుండా సీదా మగ్గం అర్రలోకి. అనసూయకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆ అర్రలో నాకంటే వానికే హక్కు ఎక్కువ, నేసేటోడు గదా. పడుగు మీద చెయ్యి పెట్టి నిమిరి చూసిండు.

"బావా, ఎలుక కొరికింది. రెండు పోగులు."

నూనె పట్టించిన నూలు. వాసనకు ఎలుకలు వస్తున్నయి.

"ఎన్నొద్దులు ఉంచుతవ్ గిట్ల? అక్క పోయి ఎనిమిది నెలలాయె. ఉంటే నన్నే తిట్టేది. కోసేద్దాం. కొత్త పడుగు ఎక్కిచ్చుకుంట."

శివరాత్రి దాకా ఆగుమన్న.

"అప్పటిదాంక ఏం జేస్తవ్?"

"నేస్త."

నవ్విండు. నేను నవ్వలేదు. ఆపేసిండు.

ఫిబ్రవరి 3

విషయం తేటగా రాసి పెట్టుకుంటే మంచిది.

పడుగు ఎనిమిది తేలియా రుమాళ్ళకు. అనసూయ అయిదు నేసింది. కోసి తీసి, మిగిలిన పడుగును మళ్ళా మగ్గానికి కట్టుకుంది. ఇంకా మూడు. వాటికి కావలసిన పేక కూడా తయారు చేసే పోయింది — రంగు అంటొద్దన్న చోట దారంతోని చిటికి కట్టి, ఎరుపు, నలుపు వేసి, ముడులు విప్పి, కండెలకు చుట్టి. రుమాలుకు ఇరవై నాలుగు కండెలు. ఏ కండె తర్వాత ఏ కండె అన్న వరుసలోనే గడి పడుతుంది. వరుస తప్పితే గడి తెగుతుంది. అందుకే దండ లెక్క దారానికి గుచ్చి గోడకు వేలాడదీసేది. మూడు దండలు.

అనసూయ దినాలప్పుడు ఇల్లు కడిగిన రోజు మా అక్క ఆ దారాలు తెంపింది. కండెలన్నీ తుడిచి, ఒక గంపలో పోసింది. "ఆగం గాకుంట ఒక్కతాన పెట్టిన తమ్మీ."

అక్క తప్పు కాదు. మా నాయిన నేసింది తెల్లబట్ట. తెల్ల కండెకు వరుస లేదు, ఏది ముందైనా ఒకటే. అక్కకు తెలిసిన కండె అది. నాకు తెలిసిందీ అదే.

గంపలో డెబ్బై రెండు. ఈ పూట లెక్కపెట్టిన. ఒక్కటి కూడా పోలేదు.

ఫిబ్రవరి 4

వరుస దొరకాలంటే నేసిన రుమాలు ఒకటి చేతికి రావాలె. నాలుగు హైదరాబాద్ మేళాలో అమ్ముడుపోయినయి. కొన్నోళ్ళు ఎవరో ఏమో. అయిదోది అనసూయ అమ్మలేదు. నాంచారమ్మకు ఇచ్చింది. బందరు మనిషి, బట్ట మీద అచ్చులతోని అద్దకం వేస్తది. మేళాలో తొమ్మిదేండ్లు పక్కపక్క దుకాణాలు. ఇద్దరూ అన్నం డబ్బాలు మార్చుకొని తినేటోళ్ళు.

ఫోన్ చేసి సంగతి చెప్పిన.

"ఫొటో పంపుతాను అన్నయ్యగారూ."

ఫిబ్రవరి 5

ఫొటో వచ్చింది. నాంచారమ్మ భర్త పోలయ్య, పడవ మీద నిలబడి, తలకు రుమాలు. మీసం వెంట్రుకతో సహా తేటగా ఉంది. రుమాలు ఎర్రగా ఉంది. అంతే.

విప్పి పరిచి తీయమని మళ్ళా ఫోన్.

"ఆయన తల మీంచి అది దిగాలంటే ఆయన నిద్రపోవాలండీ. ఆయన నిద్రపోయేసరికి నాకూ నిద్రొస్తది కదా!"

అయినా ఫొటోతో కాదు. వేలుతో కొలవాలె. పోవుడే.

ఫిబ్రవరి 6

టేపు. కత్తెర. గట్టి కాగితాలు. పెన్సిళ్ళు రెండు. గంపలోంచి ఒక కండె, చేతికి దొరికింది.

ఫిబ్రవరి 7

చండూరు, నల్లగొండ, విజయవాడ, బందరు. మూడు బస్సులు. పక్క సీటు సూర్యాపేట దాకా ఖాళీ. బ్యాగు పెట్టిన.

"మన రుమాళ్ళు ఓడలెక్కిన ఊరు ఒక్కసారి చూడాలె" అనేది అనసూయ. ముత్తాతల కాలంలో బండ్ల మీద బందరు పోయి, అక్కడి నుంచి అరబ్బు దేశాలకు. వాళ్ళవ్వ చెప్పిన మాట.

రిటైరైనంక పోదామన్న.

రిటైరై నాలుగేండ్లు.

కాలేజీలో ముప్పై ఏండ్లు కెమిస్ట్రీ చెప్పిన. క్షారం, కొవ్వు, నూలుకు రంగు పట్టే తీరు... బోర్డు మీద. ఇంట్లో ఆమె ఆముదపు కాయల బొడ్డలు కాల్చిన బూడిద నీళ్ళలో, నూనెలో మూడు వారాలు నూలు పిసుకుతుంటే ముక్కు మూసుకొని దాటి పోయేటోన్ని. "సారూ, నీ పాఠమే ఇది. జర వాసన ఎక్కువ" అనేది.

ఫిబ్రవరి 8, బందరు

మధ్యాహ్నం. నాంచారమ్మ లాడ్జికి వచ్చింది. గోళ్ళ సందుల్లో నల్లరంగు. నన్ను చూసి కండ్లు తుడుచుకుంది. వెంటనే పనిలో పడ్డట్టు మాట్లాడింది. మంచి మనిషి.

"వేటకెళ్ళాడండీ. పోటెక్కాక వస్తాడు. అయిదింటికి. తలకి అదే."

"ఈ ఒక్కరోజు ఇంట్ల పెట్టి పొమ్మనకపోయినవా చెల్లె?"

"అన్నానండీ. ఎండ మీ అన్నయ్య నెత్తి మీద పడుద్దా, నా నెత్తి మీద పడుద్దా అన్నాడు."

న్యాయమే.

ఆమెకు నాలుగున్నర దాకా పని. "అందాకా ఊరు చూడండి. కోట చూడండి. సముద్రాన్ని మాత్రం ఊళ్ళో వెతక్కండి, దొరకదు. అది ఎప్పుడో అలిగి దూరంగా వెళ్ళిపోయింది."

3.30. నడుస్తున్న. కాళ్ళు బాగున్నయి. ఎవరినీ దారి అడగలేదు.

సందులు సన్నం. పాత పెంకుటిండ్లు, చెక్క స్తంభాలు. గోడల అడుగు భాగం మొత్తం ఉప్పు తిన్నది. మోకాలెత్తు దాకా సున్నం రాలి ఇటుకలు బయటికి వచ్చినయి. ఒకామె అరుగు మీద కూర్చొని చేటతోని బియ్యం చెరుగుతున్నది. గాలి తడిగా ఉంది. చొక్కా ఒంటికి అంటుకుంటున్నది. మా దిక్కు గాలి చెమటను ఆరబెడుతుంది. ఇక్కడి గాలి తెచ్చి పెడుతుంది.

మిఠాయి దుకాణం. బందరు లడ్డూ. "ఎంతండీ, పావా?" అరకిలో అన్న. అలవాటు. పొట్లం చేతికి వచ్చినంక గుర్తొచ్చింది.

వాపసు ఇయ్యలేదు. అక్క తింటది.

4.00. డచ్చివాళ్ళ సమాధులు. గేటు దగ్గర స్టూలు వేసుకొని ఒక పెద్దమనిషి.

"ఏ ఊరండీ?"

"నల్లగొండ దిక్కు."

"నల్లగొండ నుంచి రాళ్ళు చూడ్డానికొచ్చారా! మీ దగ్గర రాళ్ళకి కరువా?"

"రాళ్ళున్నయి. రాత లేదు."

పకపకా నవ్విండు. లోపలికి పొమ్మన్నడు.

పెద్ద పెద్ద నల్లరాళ్ళు, నేల మీద పడుకోబెట్టినట్టు. చుట్టూ లతలు చెక్కిండ్రు, మధ్యలో అక్షరాలు. చదవరాదు. అంకెలు మాత్రం తెలుస్తున్నయి — పుట్టింది, పోయింది. ఒక రాయి మీద రెండు పేర్లు పట్టేంత జాగా చెక్కి, పైన ఒకటే రాసిండ్రు. కింద సగం నున్నగా ఉంది. రెండో మనిషి ఓడెక్కి పోయి ఉంటడు. లేదా ఉంటది.

ఎక్కువసేపు నిలబడలేదు.

బయటికొస్తుంటే పెద్దమనిషి: "ఏం కొనడానికొచ్చారండీ వీళ్ళు అంత దూరం నుంచి?"

"బట్టలు. మా ఇండ్లల్ల నేసినయి."

"అయితే మీ బాకీదార్లే!" అన్నడు.

4.25. కోట. కోట అంటే దేవరకొండ లెక్క గుట్ట మీద ఉంటదనుకొని తల ఎత్తి వెతికిన. ఇక్కడ కోట నేల మీదే ఉంది. మందపాటి ఇటుక గోడలు, పైకప్పు లేదు, లోపల తుమ్మచెట్లు. ఒక గోడకు ఎత్తుగా గంట కట్టే గూడు. గంట లేదు. మేకలు మేస్తున్నయి.

ఇక్కడనే ఎక్కడో బండ్లు దిగి ఉంటయి. మూటలు విప్పి ఉంటరు. ఎవరో తెల్ల మనిషి రుమాలు పరిచి, గడి చూసి, మూలలు చూసి, ఇది తీసుకో, ఇది వద్దు అని ఉంటడు. మా ఊరి ఏ ఆడమనిషి కట్టిన చిటికో ఇక్కడ పాసో ఫెయిలో అయింది. పరీక్ష పేపర్లు దిద్దినోన్ని. ఆ పని నాకు తెలుసు. దిద్దేటోనికి పేర్లు కనపడవు.

అనసూయ ఉంటే ఈ గోడ మీద చెయ్యి పెట్టి చూసేది. పెట్టిన. ఇంకా వేడిగా ఉంది.

4.40. గిలకలదిండికి ఆటో. రేవు అక్కడ. వెలుతురు ఇంకో గంటన్నర.

ఫిబ్రవరి 9, పొద్దున, బస్టాండు

నిన్నటిది పూర్తిగా రాయాలె.

రేవులో నాంచారమ్మ నాకంటే ముందే ఉంది. బురద, తాళ్ళు, వలలు, చేపల గంపలు. పడవలు ఒకదాని పక్కన ఒకటి. ఏటి మూతి నుంచి ఒక్కొక్కటి లోపలికి వస్తున్నయి. సముద్రం అవతల ఉంది. చప్పుడు వినిపిస్తున్నది, కనపడదు.

"అదిగో" అన్నది నాంచారమ్మ. ఎర్రచుక్క ఒకటి. దగ్గరికొచ్చే కొద్దీ రుమాలైంది.

పోలయ్య దిగిండు. ఎండకు కాలి నల్లబడ్డ మనిషి. రెండు చేతులూ జోడించి, "బావగారూ" అన్నడు. తల మీంచి రుమాలు విప్పి, జాడించి, రెండు చేతుల్లో పెట్టి ఇచ్చిండు.

"కంపు కొడతందండీ. ఉతికిద్దునుగానీ..."

"వద్దు. బాగుంది."

చేపలు. ఉప్పు. చెమట. దాని కింద నూనె.

రంగు దిగలేదు. ఇన్ని నెలల ఎండ, ఉప్పునీళ్ళు. ఎరుపు ఎరుపే, నలుపు నలుపే. ఆమె వేసిన రంగు.

పడవ పలక మీద పరిచినం. ఒక కొస నాంచారమ్మ పట్టుకున్నది, ఒక కొస పోలయ్య. నేను కాగితం పట్టీ ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పెట్టి, ఎరుపు ఎక్కడ మొదలు, తెలుపు ఎక్కడ, నలుపు ఎక్కడ — గీతలు. ఒక్కో వరుసకు ఒక్కో పట్టీ. మీద అంకె. ఇంట్లో కండె కొస విప్పి ఈ పట్టీ మీద పెడితే గీతకు గీత కలవాలె. తెచ్చిన కండెను పెట్టి చూసిన. తొమ్మిదో పట్టీకి అతికినట్టు కలిసింది.

పక్క పడవ నుంచి ఎవరో కేకేసిండు: "ఏం పోలయ్యా, తలగుడ్డకి సర్వే వచ్చిందా?"

"ఔన్రా! నీ గావంచాకి ఎవడొస్తాడు!"

పదహారు అయినయి. పదిహేడోది ముందటి వరుసతోని కలువలేదు. గడి అక్కడ పన్ను విరిగినట్టు ఉంది. మళ్ళా కొలిచిన. పదిహేడు ఉండాల్సిన చోట పద్దెనిమిది, పద్దెనిమిది చోట పదిహేడు. తర్వాత మళ్ళా సరే. అనసూయ వరుస తప్పదు. ముప్పై ఏండ్లలో చూడలేదు. నా కొలతే తప్పనుకొని మూడోసారి టేపు తీసిన.

"అక్కడే కదూ తప్పింది?" అన్నది నాంచారమ్మ.

"నీకెట్ల తెలుసు?"

"చూపించే ఇచ్చింది కదండీ అనసూయక్క." కొస వదలకుండానే, అచ్చం ఆమె మాటలోనే చెప్పింది: "'గిది అమ్మకానికి కాదు చెల్లె. గీ గడి మా సారుది. కండె అందియ్యమంటే పేపర్ల మునిగి ఎనకది ముందుగాల ఇచ్చిండు. నేసినంక చూసుకున్న.' విప్పకపోయావా అక్కా అన్నాను. 'విప్పితే ఆయనకు తెలుస్తది. ఇగ రేపటి నుంచి అందియ్యడు' అంది."

రేవులో ఆమె గొంతు విన్నట్టయింది. నాంచారమ్మ నోట్ల నుంచి.

ఆ వారం గుర్తుంది. ఆమెకు నడుము నొప్పి. ప్రతి కండెకు గోడ దిక్కు తిరగలేకపోయేది. నేను పక్కన స్టూలేసుకొని పేపరు పైకి చదువుతూ ఒక్కొక్కటి అందిచ్చిన. ఎనిమిది రోజులు. అంతసేపు మగ్గం దగ్గర కూర్చున్నది పెండ్లయినంక అదే మొదలు.

ఆ వారం గుర్తుంది. తప్పు గుర్తు లేదు. ఆమె చెప్పలేదు.

పద్దెనిమిదో పట్టీ కోసిన. పంతొమ్మిది. ఇరవై... వెలుతురు పోకముందే ఇరవై నాలుగూ అయినయి.

పోలయ్య: "తీసుకెళ్ళండి బావగారూ. మీదే కదా."

"మీకిచ్చింది."

"ఇంకోటి చెప్పనా? ఈ రేవులో ఇంకిద్దరికి ఎర్ర తలగుడ్డలున్నాయి. ఆ విరిగిన గడి చూసే నాది నేను పట్టుకుంటాను." మళ్ళా తలకు చుట్టుకున్నడు. తప్పు నుదుటి మీదికి వచ్చేటట్టు.

సముద్రం చూడకుండానే వచ్చిన. చూపిస్తమన్నరు. ఒక్కన్ని చూడబుద్ధి కాలేదు.

ఫిబ్రవరి 11

అక్క వచ్చింది. గంప తీసి ముందర పెట్టిన.

"నేనే గదరా ఆగం జేసిన..."

"కూసో. ఒక్కొక్క కండె కొస విప్పి పట్టుకో. నేను పట్టీ పెట్టి చూస్త."

పొద్దుగూకే వరకు పంతొమ్మిది. అక్క లడ్డూ కొరుక్కుంటూ: "గింత తియ్యగున్నదేందిరా, బెల్లమా?" నెయ్యి చేతులతో కండె ముట్టొద్దంటే, "ఇప్పుడు తెలివి వచ్చింది నీకు" అన్నది.

ఫిబ్రవరి 12

నలభై ఒకటి.

ఫిబ్రవరి 13

డెబ్బై రెండు. మూడు దండలు. అక్కే గుచ్చింది, దారానికి ముడి వేసి, పండ్లతోని బిగించి చూసి. గోడకు అదే మేకు.

ఫిబ్రవరి 14

యాదగిరిని పిలిచిన. ఎలుక కొరికిన రెండు పోగులు అతికిండు. దండలు ఒక్కొక్కటి చెయ్యేసి చూసిండు.

"నువ్వు నేస్తవా నిజంగనే?"

మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న. నలభై ఏండ్లయింది. తెల్లబట్ట నేసిన కాళ్ళు. తొక్కుడు కాళ్ళకు గుర్తుంది. కండె పెట్టి నాడె పంపుడు చేతులకు లేదు.

"నాడె ఇసిరేస్తున్నవ్ బావా. కాలేజీల చాక్‌పీస్ ఇసిరినట్టు. పంపియ్యి. ఇసరొద్దు."

సాయంత్రానికి నాలుగు వేళ్ళ మందం. ప్రతి పేకా వేలుతో జరిపి, పడుగు ఎరుపు మీదికి పేక ఎరుపు తేవాలె. ఒక్క వెంట్రుకంత. నలుపు అంచు తేటగా పడ్డది. యాదగిరి గోరుతో గీకి చూసి ఊకున్నడు. వాడు ఊకున్నడంటే బాగుందనే.

ఫిబ్రవరి 16

అయిదు కండెలు. నడుము గట్టిగనే ఉంది. రేడియో పెట్టుకుంటున్న.

ఫిబ్రవరి 18

యాదగిరి ఇంకో పడుగు తన ఇంట్లనే ఎక్కిచ్చుకున్నడు. గోడ అవతలే. "ఈ మగ్గం నీకే ఉండనీ" అన్నడు. ఇప్పుడు రెండు మగ్గాల చప్పుడు. నాది ఆగి ఆగి. వానిది ఆగదు.

పదకొండు.

ఫిబ్రవరి 19

పదిహేడు సంగతి ఇద్దరికీ చెప్పి, అట్లనే నేయాల్నా అని అడిగిన.

యాదగిరి: "తప్పును చూసి నేసుడేంది బావా! బజార్ల నవ్వుతరు. అక్క ఆ ఒక్కటి ఎందుకు అమ్మలే? తప్పని తెలుసు గనుకనే. మిగిలిన నాలుగూ సరిగ్గ నేసింది."

అక్క: "తప్పో ఒప్పో, అనసూయ దాచుకున్నది గదరా."

యాదగిరి మాట సరైంది. పని అన్నంక వరుస ఉండాలె. మూడూ సరిగ్గా నేస్త. రాసి పెడుతున్న.

ఫిబ్రవరి 20

నాంచారమ్మ ఫోన్. "మొదలెట్టారా?" మొదలైంది, పద్నాలుగు కండెలైనయన్న. "ఆయన అడుగుతున్నాడండీ, నా గడి దాకా వచ్చారా అని."

ఇంకా రాలేదన్న.

ఫిబ్రవరి 21

పదహారోది అయిపోయింది. అంచులు సరిగ్గా ఉన్నయి. గడి చక్కగా పడ్డది, ఎక్కడా తెగలేదు. నేనే నేసిన. ఇంత బాగా వస్తదనుకోలేదు.

నాడె ఖాళీ. దండలోంచి రెండు కండెలు తీసిన. ఎడమ చేతిలో పదిహేడు. కుడి చేతిలో పద్దెనిమిది. గుంటలో కాళ్ళు. పక్కన స్టూలు అక్కడనే ఉంది, ఎవరూ తీయలేదు.

గోడ అవతల యాదగిరి మగ్గం ఆగింది.

వింటున్నడు.